యంగోనా కట్ట పట్టుకుని

పార్వతీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ తమ్ముడు బ్రిస్బేన్ వచ్చెయ్యమంటున్నాడు. ముసలితనం అక్కడైతే సుఖంగా వెళ్ళిపోతుందట, ఆస్పత్రి పక్క వీధిలోనేనట. ఇక్కడ మన ఊరు టాబియా నుంచి లబాసా ఆస్పత్రికి బస్సులో వెళ్ళొచ్చేసరికే నా పని అయిపోతోంది. వాదించే ఓపిక లేక సరేనన్నాను.

మనకు చెరకు భూమి లీజుకిచ్చిన జోసెఫాకు చెప్పకుండా పోకూడదు కదా. ఈ దీవివాళ్ళ పద్ధతిలోనే, నూరి నీళ్ళలో కలిపి తాగే యంగోనా వేర్ల కట్ట ఆయన ముందు పెట్టి సెలవడిగాను. ఆయన అందుకుంటే సెలవిచ్చినట్టు, ముట్టకపోతే ఉండిపొమ్మన్నట్టు.

చాలాసేపు కట్ట వైపే చూశాడు. తర్వాత రెండు చేతులా అందుకుని, పక్కన పెట్టి, వాళ్ళ ఆచారం ప్రకారం మెల్లగా చప్పట్లు కొట్టాడు.

"వెళ్ళు భాయ్. భాభీ కరివేపాకు చెట్టుకు నేను నీళ్ళు పోస్తాలే" అన్నాడు.

ఆయన ముట్టడన్న ధైర్యంతోనే వెళ్ళాను, పార్వతీ.