డాలు దించిన రోజులు

జూన్ 3, మంగళవారం

ఈ రోజు కూడా లాబ్‌లో ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడాలన్నా ఎవరున్నారు? ఓనరు కొత్త మిషన్ కొన్నాక మిగతా ఇద్దరినీ మానిపించేశాడు. ఇప్పుడు నేనూ ఆ మిషనూ మిగిలాం. పంటి మీద తొడిగే క్యాపులు అది చెక్కుతుంది. పూర్తి కట్టుడుపళ్ళ సెట్లు మాత్రం ఇంకా నా చేతి మీదే నడుస్తున్నాయి. ఊళ్ళో ఎందరి నోళ్ళలోనో నా పళ్ళు నవ్వుతుంటాయి. ఆ మొహాలు ఒక్కటీ నేను చూడలేదు. డెంటిస్టు దగ్గర్నుంచి అచ్చు వస్తుంది, నేను పళ్ళు పంపిస్తాను, అంతే.

ఇంటికొచ్చి గేమ్ తెరిచాను. అక్కడ నన్ను గోడ అంటారు. పెద్ద డాలు పట్టుకుని అందరికంటే ముందు నిలబడి రాక్షసుల దెబ్బలు తినడం నా పని. మిగతావాళ్ళు పక్కనుంచి కొడతారు. వెనక నిలబడి నా ప్రాణం నింపేది డాక్టరమ్మ. ఆవిడ అసలు పేరు తెలియదు. మైక్ వాడదు కాబట్టి గొంతూ తెలియదు. కానీ నా ప్రాణం పావు వంతుకి పడగానే నాకొక్కడికే కనపడేలా మెసేజ్ వస్తుంది. భయపడకు, వెనకే ఉన్నాను అని. ఒక్కోసారి, నేనుండగా నీకేం కాదు అని. ఒక్కోసారి, ఊపిరి తీసుకో నాయనా అని.

నన్ను నాయనా అనేవాళ్ళు ఇంకెవరూ లేరు.

జూన్ 5, గురువారం

చదివేవాళ్ళెవరూ లేరు కదా, నిజం రాసుకుంటాను. ఈ సాయంత్రం కావాలనే డాలు దించాను. గుహ ముందు ఆ రెండు తలల రాక్షసి గద ఎత్తింది. మీట నొక్కితే డాలు లేస్తుంది. నేను నొక్కలేదు. ప్రాణం జర్రున పడిపోయింది.

భయపడకు, వెనకే ఉన్నాను.

చల్లగా అనిపించింది. కాసేపాగి మళ్ళీ దించాను.

నలభై ఆరేళ్ళ మనిషిని. సిగ్గుగానే ఉంది.

జూన్ 8, ఆదివారం

అక్క ఫోన్ చేసింది. ఏం తిన్నావురా, ఇల్లు ఊడ్చావా, ఇంకా ఆ కుర్చీలు అలాగే ఉన్నాయా అని వరసగా అడిగింది. మా ఆవిడ నన్ను వదిలి వెళ్ళిపోయేటప్పుడు డైనింగ్ టేబుల్ పట్టుకెళ్ళి రెండు కుర్చీలు వదిలేసింది. టేబుల్ లేకుండా రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉంటే ఇల్లు ఇంటర్వ్యూ గదిలా ఉందని అక్క గొడవ. ఒకటి తీసెయ్యమంటుంది. తీసేస్తాలే అన్నాను. మూడేళ్ళుగా అంటున్నాను.

గేమ్‌లో ఒకావిడ ఉంది అని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

జూన్ 12, గురువారం

గేమ్ కంపెనీ ప్రకటన. యాడ్ఆన్లు ఉంచాలా, తీసెయ్యాలా? ఆటగాళ్ళే ఓటు వెయ్యాలట.

యాడ్ఆన్లంటే నాకు ముందునుంచీ మంట. ఎవరో ఆటగాడు ఒక చిన్న ప్రోగ్రామ్ రాస్తాడు, అందరూ గేమ్‌కి తగిలించుకుంటారు. రాక్షసి ఎప్పుడు గద ఎత్తుతుందో అదే గంట కొట్టి చెబుతుంది. ఎటు పరిగెత్తాలో నేల మీద బాణం గీస్తుంది. ఇంక మనం ఆడేదేముంది? లాబ్‌లో ఆ మిషన్ పక్కన నిలబడి చూసినట్టే. నేను ఒక్కటీ తగిలించుకోలేదు. నా చేతులు, నా కళ్ళు, నా డాలు.

వద్దని ఓటేశాను. ఎందుకు వద్దో రాయడం మొదలుపెట్టాను.

జూన్ 14, శనివారం

మా గుంపు మీటింగ్. కెప్టెన్ బయట స్కూల్లో లెక్కల మాస్టారు. యాడ్ఆన్లు లేకపోతే మేం గుహ దాటలేమని లెక్క వేసి మరీ చూపించాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అన్నాను. అందరూ మైకుల్లో గోలగోలగా అరుచుకున్నాం. చాలా రోజులకి నా గొంతు నాకే వినపడింది.

డాక్టరమ్మ ఎప్పట్లాగే మైక్ పెట్టలేదు. చివర్లో చాట్‌లో ఒక్క లైను వచ్చింది. ఉండనివ్వండి, ఎవరి అవసరం వాళ్ళది అని.

నాకు చివుక్కుమంది. ఆవిడ నావైపుంటుందనుకున్నాను.

జూన్ 15, ఆదివారం

అక్కకి యాడ్ఆన్ల సంగతి చెప్పాను, ఇంకేం మాట్లాడాలో తెలియక. అంతా విని పగలబడి నవ్వింది. ఒరేయ్, నువ్వు పొద్దస్తమానం చేసేదేమిట్రా? దేవుడిచ్చిన పళ్ళు ఊడిపోతే పైనుంచి సెట్టు తగిలిస్తున్నావు, అది యాడ్ఆన్ కాదా? పళ్ళు లేనివాళ్ళు జావ తాగి పడుకోవాలని ఎప్పుడైనా అన్నావా అంది.

అదీ ఇదీ ఒకటి కాదన్నాను. ఫోన్ పెట్టేశాక ఒక మంచి జవాబు తట్టింది. ఇప్పుడు అదీ మర్చిపోయాను.

జూన్ 20, శుక్రవారం

నా పోస్టు కంపెనీ ఫోరంలో పైన పిన్ చేశారు! వేలమంది చదివారు. అందరికీ నచ్చిన లైను ఇదట: సొంత చేతులతో ఆడలేనివాళ్ళు హాయిగా టీవీ చూసుకోవచ్చు.

ఎవరెవరో శభాష్ గోడా అని రాస్తున్నారు. రెండో కుర్చీలో కూర్చుని కూడా ఒకసారి చదివాను.

జూన్ 27, శుక్రవారం

గెలిచాం. ఒకటో తారీఖు నుంచి యాడ్ఆన్లు బంద్.

జూలై 1, మంగళవారం

ఏమీ రాలేదు.

ప్రాణం పావుకి పడింది. ఆగాను. అందులో సగం పడింది. ఆగాను. చచ్చిపోయాను. నేలమీద పడున్న నా బొమ్మని చూస్తూ కూర్చున్నాను. డాక్టరమ్మ బొమ్మ వెనక నిలబడే ఉంది. నింపడానికి చేతులెత్తుతోంది గానీ, అవి లేచేసరికి నా పని అయిపోతోంది. అందరం చచ్చాం. సారీ అని రాసి వెళ్ళిపోయింది.

నా మీద కోపం. పోస్టు చదివి ఉంటుంది.

జూలై 2, బుధవారం

ఇవాళా మెసేజ్ రాలేదు.

జూలై 5, శనివారం

డాక్టరమ్మ మూడు రోజులుగా గేమ్‌లోకే రావడం లేదు. కెప్టెన్ మాత్రం మారిపోయాడు. ఇన్నాళ్ళూ టైమర్లే చూశానుగానీ రాక్షసిని చూడలేదు, దానికి కళ్ళు నీలంగా ఉంటాయి తెలుసా అంటున్నాడు. గోడా, నువ్వన్నదే నిజం, ఇప్పుడే ఆటలా ఉంది అన్నాడు. నేను వినే స్థితిలో లేను. ఆవిడకి నామీద కోపమొచ్చింది, ఇదివరకులా మెసేజ్ పెట్టడం లేదు అన్నాను.

ఏ మెసేజ్ అన్నాడు. చెప్పాను. భయపడకు, వెనకే ఉన్నాను.

ఓ అదా అన్నాడు. అది యాడ్ఆన్ కదా, ముందు నిలబడ్డవాడి ప్రాణం పావుకి పడితే దానంతటదే పోతుంది, నువ్వు ఊరెళ్ళినప్పుడు నేను డాలు పట్టుకుంటే నాకూ వచ్చేది, ఊపిరి తీసుకో నాయనా అని, భలే నవ్వుకునేవాణ్ణి అన్నాడు.

నేనూ నవ్వాను. మైక్ ఆపేశాను.

జూలై 6, ఆదివారం

అక్క ఫోన్ చేస్తే ఎత్తలేదు. పొద్దున్నే మా గుంపు చాట్‌లో డాక్టరమ్మకి విడిగా రాశాను. మర్యాద మర్చిపోలేదు, మీరు అనే రాశాను. కానీ కోపంగానే రాశాను. ఇన్నాళ్ళూ నాతో మాట్లాడింది మిషనా అని అడిగాను.

రాస్తున్నట్టు మూడు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి. నేను అన్నం వండుకుని, తిని, గిన్నె కడిగి వచ్చినా ఇంకా కదులుతున్నాయి. అప్పటికి వచ్చింది జవాబు.

ఆవిడ బట్టలు కుట్టేదట. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కాలు తిరిగొచ్చింది, చెయ్యి రాలేదు. వేళ్ళు ముడుచుకుపోయాయి, తెరుచుకోవు. కుట్టుమిషన్ అమ్మేసి ఖాళీగా కూర్చుంటే కొడుకు ఈ గేమ్ నేర్పాడు. ఎడమచేత్తో మౌస్ పట్టుకుని ఎవరి మీద పెట్టి నొక్కితే వాళ్ళ ప్రాణం నిండేలా ఒక యాడ్ఆన్ తగిలించాడు. మామూలుగా అయితే ఒక చేత్తో మనిషిని ఎంచుకోవాలి, రెండో చేత్తో మీట నొక్కాలి. ఆవిడకి రెండో చెయ్యి లేదు.

ఇంక మాటలు టైపు చెయ్యడానికి చెయ్యెక్కడిది? మొదట్లో ముందు నిలబడ్డ ఎవడో, బతికే ఉన్నావా పడుకున్నావా అని తిట్టాడట. ముందున్నవాడికి వెనకున్నవాళ్ళు కనపడరు కదా, భయం సహజమే అనుకుంది. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ మూడు మాటలూ యాడ్ఆన్‌లో పెట్టుకుంది. నీ కోసం రాసినవి కావు, అబద్ధం ఎందుకు చెప్పాలి, అప్పటికి నువ్వు రానే లేదు అని రాసింది.

ఆ కింద ఇంకొంచెం ఉంది. నువ్వు కావాలనే డాలు దించుతావని నాకు తెలుసు, రాక్షసి గద ఎత్తినా నీ డాలు కిందే ఉండేది, కుట్టుపని చేసిన కళ్ళు ఇవి, పోనీలే ఎవరికి ఏం కష్టమో అని నింపేదాన్ని, మాట మిషన్‌ది గానీ మందు నాదే అని.

చివరి లైను. చేతుల్లేనివాళ్ళు టీవీ చూసుకోవచ్చన్నావుగా, అదే చూస్తున్నాను నాయనా.

ఈ నాయనా మాత్రం చేత్తో టైపు చేసింది.

జూలై 7, సోమవారం

లాబ్‌కి వెళ్ళలేదు.

జూలై 13, ఆదివారం

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. నా పోస్టు కిందే, నాది తప్పు, యాడ్ఆన్లు కొందరికి చేతులు అని రాశాను. మూడు వారాల కిందట శభాష్ అన్నవాళ్ళే ఇప్పుడు తిట్టారు. గోడ మీద పిల్లిని చూశాం గానీ గోడే పిల్లి అవడం ఇప్పుడే చూస్తున్నాం అన్నాడు కెప్టెన్. వాడికి ఆవిడ సంగతి చెప్పలేదు. చెప్పుకోవాల్సింది ఆవిడ.

కంపెనీకీ రాశాను, అందరికీ తీసేసినా అవసరమున్నవాళ్ళకైనా ఉంచండి అని. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని జవాబొచ్చింది. నేను పంపిన క్షణంలోనే వచ్చింది.

అక్కకి అంతా చెప్పాను, డాలు దించడం కూడా. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నువ్వు రోజూ ఫోన్ చెయ్యొచ్చు కదరా, ఆదివారమే ఎందుకు అంది.

జూలై 17, గురువారం

ఒక ముసలాయన పళ్ళ అచ్చు వచ్చింది. దవడ ఒకవైపు అరిగిపోయింది. పళ్ళు ఎలా నిలబెట్టాలా అని దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఉన్న చోట పట్టు దొరక్కపోతే ఇంకోచోట కొక్కెం వేస్తాం. రోజూ చేసే పనే.

అప్పుడు తట్టింది. కంపెనీ గేమ్‌కి తగిలించుకోవద్దంది. చేతికి తగిలించుకోవద్దనలేదు.

జూలై 19, శనివారం

డాక్టరమ్మకి రాశాను. క్షమించమని ఒక లైను, మిగతాదంతా పని గురించే. నోటి అచ్చు తీసే పుట్టీ రెండు డబ్బాలు పంపిస్తాను, రెండూ సమంగా కలిపి, గట్టిపడేలోపు మీ కుడిచెయ్యి ఎలా ముడుచుకుని ఉంటే అలాగే అందులో నొక్కండి, బలవంతంగా తెరవకండి అని రాశాను.

నాలుగు రోజులకి జవాబిస్తుందేమో అనుకున్నాను. గంటలో ఇచ్చింది. కొడుకు షాపు అడ్రసు, అంతే.

ఆగస్టు 4, సోమవారం

అచ్చు వచ్చింది. పుట్టీ కోడలు కలిపిందట, ఇల్లంతా అంటించిందట, తెగ నవ్వుకున్నారట. చీటీలో ఉంది.

ప్లాస్టర్ పోశాను. ఆరాక విప్పాను. చెయ్యి బయటికొచ్చింది.

ఇన్నేళ్ళు నోళ్ళు చూశాను గానీ చెయ్యి ఎప్పుడూ చూడలేదు. చిన్న చెయ్యి. నాలుగు వేళ్ళూ లోపలికి మడిచి, ఏదో దాచుకున్నట్టుంది. బొటనవేలి మొదట్లో కత్తెర ఒరుసుకున్న కాయ, ఇంకా పోలేదు. గోళ్ళ గీతలు కూడా పడ్డాయి. ఓనరు వచ్చి ఇదేమిటయ్యా అన్నాడు. కొత్త రకం దవడ అన్నాను. వాడు నమ్మాడో లేదో, నవ్వాడు.

ఆగస్టు 13, బుధవారం

రెండుసార్లు పాడయింది. ఇవాళ కుదిరింది. ముడుచుకున్న గుప్పిట్లోకి సరిగ్గా కూర్చునే పిడి, దానికి ముందుకి రెండు కొమ్ములు. మణికట్టు ఇటు వాలిస్తే ఒక కొమ్ము కీబోర్డు మీద చిన్న మందు మీట నొక్కుతుంది, అటు వాలిస్తే రెండోది పెద్ద మందు మీట. అంచులన్నీ పాలిష్ పట్టాను, నాలుకకి తగిలినా గుచ్చుకోనంత నున్నగా. అలవాటు.

ఒకటే లోపం. మా దగ్గర సెట్లకి వాడే యాక్రిలిక్ ప్లాస్టిక్ ఒక్క రంగులోనే దొరుకుతుంది. మొత్తం చిగుళ్ళ రంగులో ఉంది.

పార్సెల్ వేశాను. ప్లాస్టర్ చెయ్యి లాబ్‌లో ఉంచబుద్ధి కాలేదు. ఇంటికి తెచ్చి రెండో కుర్చీలో పెట్టాను.

ఆగస్టు 20, బుధవారం

ముట్టింది అని రాసింది. ఇంకేమీ రాయలేదు. నేనూ అడగలేదు.

రోజూ గేమ్ తెరిచి చూస్తున్నాను. ఆవిడ పేరు బూడిద రంగులోనే ఉంది. కొత్తగా ఒకతన్ని వెనక నిలబెట్టాడు కెప్టెన్. మంచివాడే, చేతివేగం బాగుంది. వాడి ముందు డాలు దించాలనిపించలేదు. ఇంటికొచ్చాక మాట్లాడ్డానికి అక్క ఉంది, పావుగంట. ఆ తర్వాత నేనూ, ఆ చెయ్యీ.

ఆగస్టు 29, శుక్రవారం

పేరు పక్కన పచ్చ చుక్క.

గుహ దగ్గరికి ఇద్దరమే వెళ్ళాం. డాలు దించాను. మాట రాలేదు. ప్రాణం నిండింది, ఆలస్యంగా, కొంచెం కొంచెంగా.