పలకని రెండు మెట్లు

పావగడ

అన్నకు నీ చెల్లెలు మంగమ్మ నమస్కరించి రాయునది. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది? వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. నేను బాగున్నాను. కుడి మణికట్టు వాచింది కాబట్టి ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

నలుగుర్ని వెంటబెట్టుకుని మా ఆయన కాళ్ళు విరగ్గొట్టడానికి వస్తున్నావని మంగళవాడ బస్సులో వచ్చినవాళ్ళు చెప్పారు. జరిగింది నా నోట విను.

వానల్లేక ఊరు వదిలినప్పటి నుంచి శనక్కాయల మిల్లు వెనక వరుస ఇళ్ళలో ఉంటున్నాము కదా. పక్కిల్లు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే మాస్టరుది. జాతరల్లో ఆయన వాయిస్తే జనం చొక్కాలు విప్పి ఎగిరేవాళ్ళు. మిల్లు కూలీలు ఆయన పేరున అభిమాన సంఘం పెట్టారు, అందులో మా ఆయనే ముందు. బస్టాండు ఆటోవాళ్ళది ఇంకో సంఘం. నాకు ఈ ఊళ్ళో ఎవరూ లేనప్పుడు పిలిచి మాట్లాడింది మాస్టరు భార్య ఈరక్క ఒక్కతే. వాళ్ళ కూతురు కూడా తండ్రి దగ్గర కీబోర్డు నేర్చుకుంది.

పోయిన సోమవారం మాస్టరు గుండె ఆగి చనిపోయాడు. రెండు సంఘాలవాళ్ళూ తల బాదుకుని ఏడ్చారు. తాత గుంతలో మనం చుట్టలు, ఆకువక్క వేశాము కదా, అట్లే కీబోర్డును మాస్టరుతో పూడ్చాలని మిల్లువాళ్ళు పట్టుబట్టారు. బస్టాండులో దండ వేసి పెట్టుకుంటామని ఆటోవాళ్ళు అన్నారు. ఈరక్కను ఎవరూ అడగలేదు. మాటామాటా పెరిగి పాడె కట్టెలే ఊడబెరికి కొట్టుకున్నారు. ఒకడి చెవి తెగి వేలాడింది. మా ఆయనకు రెండు పళ్ళు ఊడాయి. మాస్టరు శవం దుమ్ములో పడి ఉంటే దాటుకుంటూ కొట్టుకున్నారన్నా.

ఈరక్క శవం మీద పడి ఏడుస్తోంది. నేను లోపలికి పోయి కీబోర్డును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన నోటినిండా రక్తంతో వచ్చాడు.

"లెయ్. ఆయప్పది ఆయప్పతోనే పోవల్ల."

"అక్కను అడిగితివా? ఆ బిడ్డ దీన్ని వాయించి బతకాల" అన్నాను. పెళ్ళయిన మూడేళ్ళలో పదిమందిలో ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు.

వాకిట్లో ఆటో అతను ఒకడు నవ్వాడు. "ఏమప్పా, నీ పెండ్లానికి నోరే లేదంటివే. మాస్టరు పెట్టె కన్నా బాగా పలుకుతాదే."

ఆ నవ్వుకే మా ఆయన చేతిలోని పాడె కట్టె లేచింది. నా చేతి మీద పడి, జారి కీబోర్డు మీద పడింది. వేళ్ళతో నొక్కే మెట్లు రెండు విరిగాయి.

ఆ చప్పుడుకు ఈరక్క లోపలికి వచ్చింది. ఏడవడం మానేసింది. "పూడ్చండప్పా. ముందు నన్నూ నా బిడ్డనూ పూడ్చి, దాని మీద పెట్టండి" అంది. వాళ్ళు కీబోర్డును అక్కడే వదిలేశారు. కట్టెలు తిరిగి కట్టి, తప్పెట్లు కూడా లేకుండా మాస్టరును తీసుకుపోయారు.

అన్నా, నువ్వు రా. కానీ కట్టెలు తేవద్దు, ఆ నలుగురూ వద్దు. ఊళ్ళో రేడియోలు బాగుచేసే నీ సామాన్ల సంచి తీసుకుని రా. ఆ రెండు మెట్లు పలికించు. నేను నీ వెంట వస్తానో, ఇక్కడే ఉంటానో ఆ తర్వాత చెబుతాను. వచ్చేటప్పుడు అమ్మ చేతి చింతకాయ తొక్కు కొంచెం తీసుకురా.

అమ్మానాన్నల కాళ్ళకు మొక్కినానని చెప్పు. వదినను అడిగినట్టు చెప్పు.

రోజూ సాయంత్రం ఈరక్క కూతురు వాయిస్తుంది. మాస్టరు పాటే. విరిగిన చోట పాట తెగుతుంది. ముద్ద తింటున్న మా ఆయన చేయి కూడా అక్కడే ఆగుతుంది. నేను చూడనట్టు నీళ్ళ చెంబు పక్కన పెట్టి వస్తాను.

నీ చెల్లెలు
మంగమ్మ