అత్తగారు తిట్టని రోజు

అక్కా,

ఎలా ఉన్నావు? చెవి మిషను కొత్తది పెట్టించుకున్నావా, ఇంకా ఆ పాతదానితోనే నెట్టుకొస్తున్నావా? ఫోన్లో నేను అరిస్తే ఆస్పత్రంతా వింటుంది గానీ నీకు మాత్రం వినపడదు. మెసేజి పెడితే రెండు ముక్కలు కొట్టి చేతులు దులుపుకున్నానంటావు. అందుకే వరండాలో బెంచీ మీద కూచుని ఈ కాగితాలు నింపుతున్నాను.

అత్తయ్య స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న సంగతి నీకు తెలుసుగా. ఆపరేషను అయింది. ఎముక అతుక్కోవాలి గానీ నోటికి మాత్రం ఏ దెబ్బా తగల్లేదు. మత్తు పూర్తిగా దిగకముందే "ఏమే, దుప్పటి మడత పెట్టడం మీ అమ్మ నేర్పలేదా?" అన్నారు. ఆ తిట్టులో నీకూ సగం వాటా ఉంది, మనిద్దరికీ అమ్మ ఒక్కతేగా! నర్సులు నవ్వారు. నాకు నవ్వు రాలేదు గానీ, హమ్మయ్య, మనిషి తెలివిలోకి వచ్చారని మాత్రం ఊపిరి పీల్చుకున్నాను.

ఇక్కడ ఒక పరిశోధన జరుగుతోంది. ఆపరేషను అయినవాళ్ళకి ఒక్కోసారి లోపల్లోపల ఏదో ముదురుతుందట. మిషన్లలో అంకెలు మారకముందే పక్కన కూచున్న ఇంటివాళ్ళకి అది తెలిసిపోతుందట. అదెంతవరకు నిజం, దానివల్ల జబ్బు ముందుగా దొరికి మనుషులు బయటపడతారా అని చూస్తున్నారు. ఆకుపచ్చ కోటు వేసుకున్న పరిశోధన నర్సు ఒకావిడ పూటపూటకీ వచ్చి ఒకే ప్రశ్న అడుగుతుంది: "రోజూ చూసే మీ కంటికి ఈవిడ ఎలా ఉన్నారు? మామూలుగానా, తేడాగానా?" తేడా అన్నామంటే డాక్టరు వెంటనే వచ్చి చూసి తీరాలి. ఈ ప్రశ్న కొన్ని వార్డుల్లోనే ఉంటుంది. మిగతావాటిలో ఎప్పటి పద్ధతే. చివర్లో రెండూ పోల్చి చూస్తారట. ఒప్పుకోలు కాగితం మీద అత్తయ్యే సంతకం పెట్టారు, "దీన్నా అడిగేది? ఇక నా పని అయినట్టే" అంటూ.

అక్కా, నా సంగతి నీకు తెలుసు. నన్నెవరైనా "ఏమైనా తేడాగా ఉందా" అని అడిగితే ప్రపంచమంతా తేడాగానే కనిపిస్తుంది. మొదటిసారి పాలు సగం వదిలేశారని "తేడా" అన్నాను. డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. నరం దొరక్క అత్తయ్య చెయ్యంతా పొడిచి రక్తం తీశారు. తీరా చూస్తే పాలలో పంచదార చాల్లేదని ఆవిడ అలక. రెండోసారి నోరు తెరుచుకుని నిద్రపోతుంటే భయమేసింది. మళ్ళీ డాక్టరు, మళ్ళీ సూది. అత్తయ్య లేచి "నేను చచ్చేదాకానైనా ఆగలేవా?" అన్నారు. నీ మరిది అయితే అందరి ముందూ "నీ గాభరాకి మా అమ్మ ఒంట్లో రక్తం చాలదు" అనేశారు.

పెళ్ళయిన కొత్తలో ఆ ఇంట్లో నాకు పెట్టిన పేరు అదేగా, గాభరా. ముద్దుగానే అంటారనుకో. కానీ నిన్న వార్డులో అందరూ విని నవ్వుతుంటే తల ఎత్తుకోలేకపోయాను. మొహం కడుక్కునే నెపంతో వెళ్ళి ఏడ్చాను. ఇక లాభంలేదు, నిర్ణయించుకున్నాను. ఎవరేం అడిగినా నా జవాబు "మామూలే". పరిశోధనకి పనికొస్తే రానీ, లేకపోతే పోనీ. నాకూ కాస్త పరువుంది.

నీ
చెల్లి


అక్కా,

ముందు రాసిన ఉత్తరం నీకింకా చేరి ఉండదు. నీ జవాబు వచ్చేదాకా ఆగే వ్యవధి నాకు లేదని తెలుసు. అయినా ఎవరితోనైనా చెప్పుకోకపోతే గుండె ఆగేలా ఉంది.

అత్తయ్యని నిన్న కింది అంతస్తు వార్డుకి మార్చారు. అక్కడ నడక నేర్పుతారు. అది ప్రశ్న అడగని వార్డు. మార్చేటప్పుడు పరిశోధన నర్సు నన్ను పక్కకి పిలిచి, "కింద ఎవరితోనూ మన ప్రశ్న సంగతి మాట్లాడకండి అమ్మా. అక్కడివాళ్ళకీ తెలిస్తే ఇక పోలిక ఏముంటుంది? పరిశోధన చెడిపోతుంది" అంది. సరేనన్నాను. పీడా వదిలింది, ఇక నన్నెవరూ అడగరని లోపల సంతోషించాను కూడా.

ఇవాళ పొద్దున నేను వెళ్ళేసరికి అత్తయ్య నా వంకే చూస్తున్నారు. చూసి, మెల్లిగా, "నువ్వు తిన్నావా అమ్మా?" అన్నారు.

నా గుండెల్లో రాయి పడింది. నవ్వకు అక్కా. ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ నోట నేను వినలేదు. ఏమే, ఒసే, ఏయ్ అనే పిలుపులే గానీ "అమ్మా" అని నన్నెప్పుడు పిలిచారు? గ్లాసు కడిగే వంక పెట్టుకుని బయటికి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళేసరికి పక్కనున్న పాలు తాగేసి ఉన్నారు. వాటిలో పంచదార వెయ్యడం నేను మరిచిపోయాను. ఒక్క మాట అనలేదు! దుప్పటి వంకరగా కప్పాను, కావాలనే. సర్దమనలేదు. కిటికీ వైపు చూసి చిన్నగా నవ్వుకుంటున్నారు. నర్సు వచ్చి జ్వరం చూసింది, లేదు. బీపీ చూసింది, పర్వాలేదంది. "పెద్దావిడ ఇవాళ ఎంత శాంతంగా ఉన్నారో" అని మెచ్చుకుని వెళ్ళింది.

శాంతమేమిటి అక్కా? ఆవిడకీ శాంతానికీ ఏం సంబంధం?

ఎవరికైనా చెబుదామంటే, చెప్పకూడదని నేను మాటిచ్చాను. ఇది అడగని వార్డు. ఇక్కడ నేను నోరు విప్పితే ఆ పరిశోధన మొత్తం చెడిపోతుంది. వాళ్ళు ఎంతమంది కోసం, ఎంత కష్టపడి చేస్తున్నారో కళ్ళారా చూశాను. పోనీ మాట తప్పి చెబితే, డాక్టరుతో ఏమని చెప్పను? "మా అత్తగారు నాతో మంచిగా మాట్లాడుతున్నారండీ, కాపాడండి" అననా? నవ్వరా? మళ్ళీ సూదులు, మళ్ళీ ఏమీ లేదనడం, మళ్ళీ నీ మరిది మాటలు. ఆయనతో చెప్పి చూశాను. "అమ్మ నిన్ను తిడితే ఏడుస్తావు, తిట్టకపోతే భయపడతావు, నీకేం కావాలసలు?" అన్నారు. పొద్దుటి నుంచీ కక్కలేక మింగలేక కూచున్నాను. ఇప్పుడు మధ్యాహ్నం దాటింది.

ఇప్పుడే లోపలికి తొంగి చూసి వచ్చాను. "కూచో, నా కోసం నిలబడకు" అన్నారు. అక్కా, ఈవిడ మా అత్తయ్య కాదు. నా పరువు గంగలో కలవనీ. వెళ్తున్నాను. ఇక్కడే ఆపుతున్నాను.

చెల్లి


అక్కా,

అత్తయ్య ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్నారు. నన్ను లోపలికి రానివ్వడం లేదు. తలుపు బయట కుర్చీలో కూచుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

నిన్న ఉత్తరం మడిచి పెట్టి నేనేం చేశానో తెలుసా? డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. మెట్లెక్కి పరుగున పై వార్డుకి వెళ్ళి ఆ ఆకుపచ్చ కోటావిడ చెయ్యి పట్టుకున్నాను. "నన్ను ఆ ప్రశ్న అడగండి. ఒక్కసారి అడగండి" అన్నాను.

ఆవిడ తెల్లబోయింది. "మీరు ఇప్పుడు కింది వార్డు కదమ్మా, నేను అడగకూడదు. ఏమైంది?"

"అడిగితేనే కదండీ నేను చెప్పగలిగేది! చెప్పకూడదన్నారుగా."

ఆవిడ మొహం పాలిపోయింది. "అయ్యో! ప్రశ్న గురించి మాట్లాడొద్దన్నాను గానీ, మీ మనిషికి బాగాలేదని చెప్పొద్దన్నానా తల్లీ? పదండి పదండి!" అంటూ నాకంటే ముందు ఆవిడే మెట్లు దిగింది.

డ్యూటీ డాక్టరు అడిగాడు, "ఏమిటి తేడా?" నీ మరిది పక్కనే ఉన్నారు. "నన్ను తిట్టడం లేదండీ" అన్నాను. ఆయన "డాక్టరుగారూ, ఈవిడ కొంచెం..." అంటుండగానే డాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. అత్తయ్య మీదికి వంగి, "అమ్మగారూ, ఎక్కడున్నారు మీరు?" అన్నాడు. అత్తయ్య చక్కగా నవ్వి, "పెళ్ళివారింట్లో బాబూ. భోజనాలు అయ్యాయా?" అన్నారు.

అంతే, ఇక అక్కడ ఎవరూ నవ్వలేదు. బీపీ మళ్ళీ చూస్తే అప్పుడే దిగడం మొదలైంది. మూత్రంలో చేరిన ఇన్ఫెక్షను రక్తంలోకి పాకిందట. పెద్దవాళ్ళకి ఒక్కోసారి జ్వరం రాకుండానే ముదురుతుందట, మనిషి తీరు మాత్రమే మారుతుందట. వెంటనే సెలైన్లు, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. "సాయంత్రం దాకా ఆగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకే తెలియదు" అన్నాడు డాక్టరు. పొద్దున్నే చెప్పి ఉంటే ఏం చెప్పేవాడో నేను అడగలేదు, నాకు ధైర్యం లేదు.

పరిశోధన నర్సు ఇందాక వచ్చి నా పక్కన కూచుంది. తన మాట నాకు అలా అర్థమైందని పైవాళ్ళకి చెప్పేసిందట. ఇకనుంచి ప్రతి వార్డులోనూ ముందే "ఎప్పుడు అనుమానం వచ్చినా చెప్పండి" అని చెప్పాలని నిర్ణయించారట. "ఇంతకీ నా మాట మీకు పనికొచ్చిందా?" అన్నాను. ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదంది. పైగా అత్తయ్య ఇప్పుడున్నది అడగని వార్డు కాబట్టి, జబ్బు అడగకుండానే దొరికినట్టు లెక్కవుతుందట. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా అక్కా!

నీ మరిది నీళ్ళ సీసా మూత తీసి నా చేతికిచ్చారు. నాకిప్పుడు ఇంకేమీ వద్దు. ఆ తలుపు లోంచి ఒక్క తిట్టు వినపడితే చాలు.

చెల్లి


పెద్దమ్మాయికి ఆశీస్సులు.

నా ఒంట్లో ఎలా ఉందని అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. బతికే ఉన్నాను. కర్ర పట్టుకుని వంటింటి గుమ్మం దాకా నడుస్తున్నాను. నడిస్తే ఏం లాభం, వెళ్ళి చూస్తే గిన్నెలన్నీ బోర్లించకుండా వెల్లకిలా పెట్టి ఉంటాయి. మీ అమ్మ మీ ఇద్దరికీ ఏం నేర్పిందో ఆ తల్లికే తెలియాలి.

నీకో సంగతి చెప్పాలి. మా గాభరా నీకు అన్నీ రాస్తుంది కాబట్టి ఇదీ రాసే ఉంటుంది, నేను దాన్ని తిట్టకపోవడం చూసి జబ్బు కనిపెట్టిందని. ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పి నా కొడుకు మురిసిపోతున్నాడు. డాక్టరు కూడా ఆ మాటే అన్నాడు. వాళ్ళ సంబరం చెడగొట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను. నీకు మాత్రం చెబుతున్నాను, నీ కడుపులో దాచుకో.

పాలలో పంచదార లేకపోతే నోరుమూసుకుని తాగిందెవరో నాకు తెలియదు. పెళ్ళివారింట్లో ఉన్నానన్నదీ నేను కాదు. అదంతా జబ్బే. కానీ పొద్దున "నువ్వు తిన్నావా అమ్మా" అన్నది మాత్రం నేనే. ఒళ్ళు తెలిసే అన్నాను. ఆపరేషను గదిలోకి తోసుకెళ్ళేటప్పుడు అది నా చెప్పులు పట్టుకుని మంచం వెంట పరిగెత్తింది, మళ్ళీ కావాలి కదా అని. బతికొస్తే దీనితో ఒక మంచిమాట అనాలనుకున్నాను. అందామంటే రోజూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది, నా నోరే ముందు వచ్చేది. చివరికి కూడగట్టుకుని ఆ మాట అన్నాను. అది చచ్చేంత భయపడి గ్లాసు పట్టుకుని పారిపోయింది!

ఎంత గొప్ప అత్తగారినో చూడు. నా నోట మంచిమాట వస్తే ప్రాణం మీదికి వచ్చిందనుకుంది నా కోడలు. దాన్నేం అనను? అది తప్పుగా అనుకున్నందువల్లే నేను బతికాను.

ఇంటికొచ్చాక అది నిశ్చింతగా ఉండాలని రోజూ లేవగానే ఏదో ఒకటి తిడుతున్నాను. విని హాయిగా పనిలో పడుతుంది. కానీ ఎల్లకాలం ఇలాగే అంటే నాకూ ఓపిక ఉండొద్దూ? అందుకని నిన్న మళ్ళీ ప్రయత్నించాను. కూర తరుగుతూ ఉంటే "నువ్వు తిన్నావా?" అన్నాను, కాస్త కసురుతున్నట్టుగానే. కత్తిపీట వదిలేసి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

జ్వరం లేదు. అయినా చాలాసేపు తియ్యలేదు. తియ్యమని నేనూ అనలేదు.

మీ చెల్లెలి
అత్తగారు