కొమ్ములున్న సూత్రం

యాంగ్‌జౌ

వియ్యపురాలు హిసయె గారికి,

చూ యున్‌హే నమస్కరించి రాయించేది. మీ అబ్బాయి కొహే మా మనవరాలు రుయోలాన్‌ను చేసుకుంటానన్నప్పటి నుంచి నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఎంతైనా బౌద్ధ గుడి నడిపే ఇల్లు! నా చేతులు ఉలి వదిలి కలం పట్టమంటే పట్టవు. నేను ఫోన్లో చెబుతుంటే మీ జపాన్‌లో, కోబెలో ఉన్న మనవరాలే మీ భాషలో రాస్తోంది. పెళ్లి కానుకగా బేరి చెక్క పలక మీద ‘బోరె షిన్‌జింగ్’ చెక్కుతున్నాను. కాగితం మీద అచ్చు తీసి మీ గుడిలో పెట్టుకోండి.

మీ మేలు కోరే,
యున్‌హే

తా.క. గ్రంథం పేరు తాతయ్య నోట ఎలా వినబడితే అలాగే రాశాను అత్తయ్యా. సూత్రాల సంగతి నాకు సున్నా. – రుయోలాన్

*

వాకయామా

పూజ్యులు చూ బాబాయిగారికి,

మీ అభిమానానికి దండాలు. రుయోలాన్ ఇది మీకు ఫోన్లో చదివి వినిపిస్తుంది. కొహే చైనా నిఘంటువు వెతికితే ‘షిన్‌జింగ్’ అంటే గుండె ఝల్లుమనడం అని ఉందట. పెళ్లికి గుండె దడ కానుకా అండీ? అదెలాగూ పెళ్లయ్యాక వస్తుంది. పెళ్లయినా చావయినా మా గుడిలో చదివేది ‘హన్న్యా షింగ్యో’. ఇంకోటి వినబడితే పోయిన మా అత్తగారు లేచొచ్చేస్తారు. దయచేసి అదే చెక్కండి.

ఇట్లు,
హిసయె

తా.క. ఊరబెట్టిన పుల్లటి ఉమె పళ్లు పంపాను. పూటకి ఒకటి చాలు. రెండు తింటే మొహం మామూలవడానికి వారం పడుతుంది.

*

యాంగ్‌జౌ

హిసయె గారికి,

నమస్కారాలు తరవాత. జపాన్‌లో చాలాకాలం వంట చేసొచ్చిన ఫాన్ మా వీధిలోనే ఉన్నాడు. “హన్న్యా అంటే ఏంట్రా?” అనడిగాను. వాడు రెండు వేళ్లు నెత్తిన కొమ్ముల్లా పెట్టి, పళ్లు ఇకిలించి, “అసూయతో రాక్షసైపోయిన ఆడది తాతా! నాటకాల్లో ఆ మొహం తగిలించుకుంటారు” అన్నాడు. తల్లీతండ్రీ లేని పిల్లను ఈ చేతులతో పెంచాను. రాక్షసి స్తోత్రం చదివించి కాపురానికి పంపనా? ఉలి కింద పెట్టేశాను. ఈ పెళ్లి గురించి మళ్లీ ఆలోచిద్దాం.

యున్‌హే

తా.క. అత్తయ్యా, తాతయ్య ‘ఆలోచిద్దాం’ అనలేదు. ఆయనన్న మాటను మీ భాషలో పెట్టడానికి నాకు ధైర్యం చాల్లేదు. పళ్లు మాత్రం రెండు తిన్నారట. – రుయోలాన్

*

వాకయామా

బాబాయిగారికి,

నెత్తి తడిమి చూసుకున్నాను. కొమ్ముల్లేవు. ఫాన్ చెప్పింది నాటకం మొహం, నేను చెప్పింది సూత్రం. మీకొక్కరికేనా రోషం? నాకూ వచ్చింది. కానీ కొహే ఫోన్లో ఏడ్చినంత పని చేస్తే నా రోషం కాస్తా నీరుగారిపోయింది. చెప్పుడు మాటలు ఇక వద్దు. సిరా నూరి, సూత్రమంతా నా చేత్తో రాసి నేరుగా మీకే పోస్టు చేస్తున్నాను. రాక్షసి ఏ వరసలో ఉందో వేలు పెట్టి చూపించండి. చూపిస్తే ఈ సంబంధం నేనే వద్దంటాను.

హిసయె

తా.క. నా రాత చూసి మా ఆయన, “పాపం, ఆయనకి ఇందులో నిజంగానే రాక్షసులు కనబడతారేమో” అన్నారు.

*

యాంగ్‌జౌ

అమ్మా హిసయె,

ఈసారి నేనే రాస్తున్నాను. మీ కాగితం విప్పాను. పక్కనున్న నా పలక చూశాను. మళ్లీ కాగితం చూశాను. అవే చైనా అక్షరాలమ్మా, పలకడమే వేరు! ఇండియావాళ్ల ‘ప్రజ్ఞ’ మా నోట బోరె అయింది, మీ నోట హన్న్యా అయింది. ఆ ఒక్క ప్రజ్ఞా హృదయ సూత్రం పట్టుకునే మనం ఇన్నాళ్లూ కొట్టుకు చచ్చాం. ఫాన్‌ను పిలిచి నిలదీస్తే, “వంటవాణ్ని అడిగితే ఇంకేం చెబుతాడు తాతా?” అన్నాడు.

ఒక్క తేడా ఉంది. భ్రమలకు దూరమవుతాడు అనేచోట మీరు ‘సమస్త’ అనే అర్థమొచ్చే రెండు చైనా అక్షరాలు కలిపారు. పొరపాటనుకుని ఇక్కడి పెద్ద స్వామిని అడిగితే, “జపాన్‌లో అలాగే చదువుతారయ్యా” అన్నారు. పిల్లకు అత్తింటి పాఠమే ఉండాలి. కొత్త పలక మొదలెట్టాను. సిగ్గు విడిచి అడుగుతున్నాను, పెళ్లి ఒక్క నెల వాయిదా వేయండి.

మీ బాబాయి,
యున్‌హే

తా.క. అత్తయ్యా, తాతయ్య ఈ ఉత్తరం తర్జుమా కోసం నాకు పంపారు. ఈ ముక్క ఆయన చూడలేదు. తొందరేం లేదు, తీరిగ్గా చెక్కమనండి. మీరిద్దరూ కొమ్ముల గొడవలో ఉన్నప్పుడే మాకు భయమేసి, వార్డు ఆఫీసుకెళ్లి పెళ్లి నమోదు చేయించేసుకున్నాం. అక్కడ ఏ సూత్రమని ఎవరూ అడగలేదు. – మీ కోడలు