తలుపు దగ్గర చెప్పాల్సిన మాట

అమ్మా, మేమంతా కులాసా.

అడవిలో ఒంటి గది, పసిపిల్లలతో ఒక్కదానివీ ఎలా ఉంటావని బెంగపెట్టుకున్నావుగా, విను. ఎవరు పిలిచినా, ఇంట్లో అనుకున్న గుర్తు మాట చెబితేనే గడియ తీయాలని పెద్దదానికి నేర్పాను. మొన్న సర్వే పని ముగించుకుని మీ అల్లుడు వానలో తడుస్తూ వచ్చి తలుపు కొట్టారు.

"నేనే తల్లీ, నాన్నని!"

"గొంతు నాన్నదే. మాటేదీ?"

ఆయనకు గుర్తు రాలేదు. ఐదేళ్ల పిల్ల గడియ మీద చెయ్యి కూడా వెయ్యలేదు! నవ్వాపుకోలేక చివరికి నేనే తీశాను.

చిన్నాడికి ఉన్ని టోపీ అల్లి పంపు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్నకు నమస్కారాలు. సెలవుల్లో ఇద్దరూ రండి. అన్నట్టు, ఆ గుర్తు మాట నా ముద్దుపేరే. ఈ పోస్టుకార్డు పదిమంది చేతుల్లో పడుతుంది కదా, అందుకే ఈసారి కింద ఎప్పటిలా అది రాయడం లేదు.

నీ కూతురు