పాత మిషన్‌లో ఉన్నదంతా

తమ్మీ, నువ్వు పోయాక ఇది రెండో పసుపు సీజన్. రైతుల పంట కమీషన్ మీద అమ్మిపెట్టే మన ఆడత్ దుకాణంలో నీ కంప్యూటర్ పసుపు దుమ్ముకు మొరాయిస్తుంటే కొత్తది తెచ్చాను. రైతులకిచ్చే లెక్కల పట్టీల కోసం నువ్వు రాసిన ప్రోగ్రాం అందులో ఎంతకీ తెరుచుకోలేదు.

"ప్రోగ్రాం ఒక్కటే తెస్తే నడ్వదక్కా. పాతదాంట్ల ఏమేం ఉన్నయో గవన్ని గట్లనే రావాలె," అన్నాడు నిజామాబాద్ మెకానిక్. ఫ్లాపీల్లో అన్నీ మోసుకొచ్చాడు.

తెర వెలిగింది. పనిలో పడి నేను అన్నం మరిచిపోతానని నువ్వు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టిన మాటా వచ్చేసింది: "అక్కా, తిన్నవా?" మీట నొక్కితేనే పని ముందుకు సాగుతుంది.

"గీ లైన్‌తోని పనేం లేదు, తీసేయాల్నా?"

"ఉండనీ."

పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మీట నొక్కి, "తిన్న, తమ్మీ," అన్నాను.