నా మీద కేసేమిటి

డాక్టరమ్మకు, పెన్ను విసిరేసి వెళ్లిపోయిన వడ్రంగి తాత రాసుకున్నది. నా అక్షరాలు వంకర. నేను చేసిన బల్లలు మాత్రం వంకరుండవు.

మొన్న నువ్వు, "తాతా, మీది చాలా అరుదైన కేసు. పుస్తకంలో రాస్తాం, సంతకం పెట్టండి" అన్నావు. డెబ్బై ఏళ్లలో నా మీద ఒక్క కేసు లేదు, నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి అరిస్తే మా కోడలు పడీపడీ నవ్వింది. "మామయ్యా, వాళ్లు జబ్బునీ కేసే అంటారు!" అంది. తప్పు నాదే. ఎవరికీ చెప్పకు.

ఇరవై ఏళ్లుగా డాక్టర్లందరూ నా మోకాళ్లే నొక్కారు. నువ్వొక్కదానివే నల్లబడ్డ నా చెవులు వెలుగులోకి తిప్పి చూశావు. తలుపు బిగుసుకుంటే నేనూ తలుపును చెక్కను, ముందు గుమ్మం చూస్తాను. పనితనమంటే అదీ.

"చిన్నప్పుడు మీరు పక్క తడిపితే బట్టలు నల్లబడేవా?" అని అడిగావు. నల్లబడేవి. ఉతకడం రాదని మా అమ్మ ఎన్ని మాటలు పడిందో! ఆ మరకలూ, చెవుల నలుపూ, మోకాళ్ల నొప్పీ అన్నీ పుట్టుకతో వచ్చిన ఒకే జబ్బన్నావు.

ఇప్పుడు నాలుగు నెలల నా మనవరాలి ఉచ్చగుడ్డలూ నల్లబడుతున్నాయి. ఉతకడం రాదని మా కోడల్ని నేనే కసిరాను. నీ ప్రశ్న గుర్తొచ్చి నిన్న నోరు మూసుకున్నాను.

సోమవారం బిడ్డను తెస్తున్నాం. దాని మోకాళ్లు నాలా కాకుండా చూడు. నా రక్తం ఎంత కావాలో తీసుకో, సంతకం పెడతాను. పుస్తకంలో పేరు వెయ్యరట కదా, వద్దులే. ముసలాయన అని మాత్రం రాయకు. వడ్రంగి అని రాయి.

ఇట్లు,
నీ కేసు